తొలి సూదిమందు: మంత్రసాని దృష్టి, మిడ్‌వైఫ్ బాధ్యత – జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

నవజాత శిశువుల్లో రక్తస్రావాన్ని నివారించడానికి విటమిన్ కె సూదిమందు ఇవ్వాలని భారత ప్రభుత్వం 2014లో మార్గదర్శకాలు వెలువరించింది. పూర్వపు వరంగల్ జిల్లా నుంచి 2016లో ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల్లో పురుడు పోసే స్త్రీ గ్రామ మంత్రసానిగా, ఆ తర్వాత ఏ.ఎన్.ఎం.గా, నేడు శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌గా మూడు రూపాల్లో కనిపిస్తుంది. ముందుజాగ్రత్తగా ఇచ్చే ఈ సూదిమందును ఈ మూడు స్థానాల నుంచి చూసినప్పుడు కలిగే భావాలు ఒకటి కావు. ఆ భేదానికి మూలం అజ్ఞానం కాదనీ, చేతి అనుభవం ద్వారా వచ్చే జ్ఞానానికీ నమోదైన లెక్కల ద్వారా వచ్చే జ్ఞానానికీ మధ్య ఉన్న దూరమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మంత్రసాని, పురుడు, నవజాత శిశువు, విటమిన్ కె, ఏ.ఎన్.ఎం., మిడ్‌వైఫరీ, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి.

1. ఉపోద్ఘాతం

తెలుగు సమాజంలో వైద్యచరిత్రను గురించి వచ్చిన రచనల్లో ఆయుర్వేదానికీ, మిషనరీ ఆసుపత్రులకూ, అంటువ్యాధులకూ దక్కిన చోటు పురిటిగదికి దక్కలేదు. పురిటిగది స్త్రీల లోకం కావడం, అందులో పనిచేసినవారు చదువు అందని కులాల స్త్రీలు కావడం, వారి జ్ఞానం రాతలో కాక చేతిలో నిలవడం ఇందుకు కారణాలు. అందువల్ల మంత్రసానుల గురించి తెలిసినది చాలావరకు ఇతరులు చెప్పినదే. వలసపాలనాకాలపు వైద్యులు వారిని ప్రసూతి మరణాలకు కారకులుగా చూశారు. స్వాతంత్ర్యానంతర ప్రణాళికలు వారిని శిక్షణ ఇవ్వవలసిన శ్రామికులుగా చూశాయి. ఇటీవలి కాలం వారిని దాదాపు మరిచింది.

ఒక చిన్న సూదిమందును ఆధారంగా చేసుకొని ఈ చరిత్రను మళ్లీ చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. విటమిన్ కె సూదిమందు ఇందుకు తగిన ఉదాహరణ. ఇది రోగానికి ఇచ్చే మందు కాదు, టీకా కూడా కాదు. ఆరోగ్యంగా కనిపిస్తున్న బిడ్డకు, ఇంకా రాని ప్రమాదాన్ని ఉద్దేశించి ఇచ్చేది. పురుడు పోసే స్త్రీ తన కంటికి కనిపించని దానిని నమ్మి చేయవలసిన పని ఇది. కనుక ఆమె దేనిని జ్ఞానంగా అంగీకరిస్తుందన్న ప్రశ్న ఇక్కడ స్పష్టంగా ముందుకు వస్తుంది.

2. మంత్రసాని: పదం, పని, కాపలా రోజులు

‘మంత్రసాని’ అన్న మాటలోని ‘సాని’ ఒకప్పుడు గౌరవవాచకం. కాకతీయుల కాలపు శాసనాల్లో కులీన స్త్రీల పేర్ల చివర ఇది కనిపిస్తుంది. పంతొమ్మిదో శతాబ్దంలో సి.పి. బ్రౌన్ నిఘంటువు మంత్రసానిని పురుడు పోసే స్త్రీగానే నమోదు చేసింది. తెలంగాణలో ఉర్దూ ప్రభావంతో ‘దాయి’ అన్న పిలుపు కూడా స్థిరపడింది. పదంలో గౌరవం ఉన్నా పనికి అంటు అంటుకుంది. రక్తాన్నీ, మాయనూ, పురిటిమైలనూ తాకే పని కనుక అది అనేక గ్రామాల్లో మంగలి, చాకలి, మాదిగ కులాల స్త్రీల వంతయింది. ప్రతిఫలం ఎక్కువగా ధాన్యం, చీర, కొద్దిపాటి డబ్బు రూపంలో ఉండేది.

నాటి నల్లగొండ జిల్లాలోని జనగామ తాలూకా వెట్టిచాకిరికీ, దానిపై తిరుగుబాటుకూ పేరుపడిన ప్రాంతం. విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచిన చాకలి ఐలమ్మది పాలకుర్తి. 1946 జులై 4న దొడ్డి కొమురయ్య అమరుడైన కడవెండి ఆ చుట్టుపక్కలదే. సేవాకులాల శ్రమను హక్కుగా వాడుకున్న ఆ వ్యవస్థలో మంత్రసాని పని కూడా అదే కులవృత్తుల వరుసలో ఉండేది. ఆమె నైపుణ్యం గ్రామానికి కావాలి కానీ ఆమె మాటకు విలువ లేదు. ఆ తర్వాతి కాలపు ఆరోగ్యవ్యవస్థ ఆమెతో ఎలా వ్యవహరించిందో అర్థం చేసుకోవడానికి ఈ నేపథ్యం అవసరం.

మంత్రసాని పని ప్రసవంతో మొదలై ప్రసవంతో ముగిసేది కాదు. నొప్పులు మొదలైనప్పటి నుంచి మాయ పడేవరకు కూర్చోవడం, బొడ్డుపేగు కోయడం, మాయను పాతిపెట్టడం, బిడ్డను కాళ్లమీద పడుకోబెట్టి నీళ్లు పోయడం, బాలింతకు ఒళ్లు మర్దించి నీళ్లు పోయడం ఆమె విధులు. ఈ రాకపోకలు పదకొండో రోజు పురుడు వరకో, ఇరవైయొకటో రోజు వరకో సాగేవి. ఆ తర్వాత బిడ్డ ఆమె చేతి నుంచి ఇంటివాళ్ల చేతికి వెళ్లేది. అంటే మంత్రసాని కాపలా సుమారు మూడు వారాలు. ఆమె అనుభవజ్ఞానం మొత్తం ఈ మూడు వారాల్లో కనిపించిన వాటితో రూపొందింది.

‘మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాల్సిందే’ అన్న సామెత తెలుగునాట అందరికీ తెలిసినదే. దీనిని సాధారణంగా హాస్యంగా వాడుతారు. వృత్తిధర్మంగా చదివితే ఇందులో ఒక కచ్చితమైన నిర్వచనం ఉంది. వచ్చినదాన్ని పట్టడం మంత్రసాని ధర్మం. ఇంకా రానిదాన్ని ఆపడం ఈ నిర్వచనంలో లేదు.

3. రక్తస్రావ వ్యాధి: కాపలాలో పడేది, కాపలా దాటినది

విటమిన్ కె లేనిదే కాలేయంలో రక్తాన్ని గడ్డకట్టించే కొన్ని కారకాలు పనిచేసే రూపానికి రావు. తల్లి శరీరం నుంచి మాయ ద్వారా బిడ్డకు ఇది చాలా తక్కువగా అందుతుంది. తల్లి ఆకుకూరలు తిన్నంత మాత్రాన ఆ లోటు తీరదు. తల్లిపాలలో దీని పరిమాణం స్వల్పం. పెద్దల పేగుల్లో దీనిని కొంతమేర తయారుచేసే సూక్ష్మజీవులు పుట్టిన బిడ్డ పేగుల్లో ఇంకా స్థిరపడవు. అందువల్ల పూర్తి ఆరోగ్యంతో పుట్టిన బిడ్డ కూడా తొలి వారాల్లో ఈ విటమిన్ విషయంలో పేదరికంలోనే ఉంటుంది.

ఈ లోటు వల్ల వచ్చే రక్తస్రావాన్ని వైద్యశాస్త్రం మూడు దశలుగా విభజించింది. మొదటిది పుట్టిన 24 గంటల లోపు వచ్చేది. మూర్ఛకూ, క్షయకూ తల్లి వాడిన కొన్ని మందులతో దీనికి సంబంధం ఉంటుంది. పుట్టాక ఇచ్చే సూదిమందు దీనిని అన్నివేళలా ఆపలేదు. రెండవది మొదటి వారంలో, ముఖ్యంగా రెండో రోజు నుంచి ఏడో రోజు మధ్య, బొడ్డు నుంచో పేగుల నుంచో వచ్చే రక్తస్రావం. మూడవది రెండో వారం తర్వాత, ఎక్కువగా మూడు నుంచి ఎనిమిది వారాల మధ్య వచ్చేది. ఇది దాదాపుగా తల్లిపాలపైనే ఉన్న, సూదిమందు పొందని శిశువుల్లో వస్తుంది. ఇందులో సగానికి పైగా సందర్భాల్లో రక్తం మెదడులోకి స్రవిస్తుంది. బతికిన బిడ్డల్లో చాలామందికి శాశ్వత నాడీలోపాలు మిగులుతాయి.

ఈ విభజనను మంత్రసాని కాపలా రోజులతో పోల్చి చూస్తే ఒక ముఖ్యాంశం బయటపడుతుంది. మొదటి రెండు దశలు ఆమె కళ్లముందే జరుగుతాయి. మూడవది చాలావరకు ఆమె వెళ్లిపోయాక జరుగుతుంది. నెల దాటిన బిడ్డకు ఫిట్స్ వచ్చి, పాలు మాని, మగతలోకి జారితే దానిని పురుటితో ముడిపెట్టి చూసే అవకాశం ఆమెకు లేదు. ఆ మరణం దిష్టికో, గాలికో, మరొక జ్వరానికో జమ అవుతుంది.

మరొక ఆచారానికీ దీనితో సంబంధం ఉంది. ముర్రుపాలు బిడ్డకు పడవని పిండి పారబోసి, రెండు మూడు రోజుల దాకా తేనెనో, చక్కెరనీళ్లనో పట్టడం తెలుగునాట చాలాచోట్ల ఉన్న అలవాటు. తొలి వారపు రక్తస్రావానికి పాలు ఆలస్యంగా పట్టడం ఒక కారణంగా వైద్యులు గుర్తించారు. ముర్రుపాలు పట్టించడం ఒక్కటే ఈ లోటును పూర్తిగా తీర్చదు. అయినా సంప్రదాయంలోని ఒక అంశం ప్రమాదాన్ని పెంచిందని ఒప్పుకోవలసిందే. మంత్రసాని జ్ఞానాన్ని గౌరవించడమంటే దానిలోని ప్రతి అంశాన్నీ సమర్థించడం కాదు.

4. చేతి జ్ఞానం, లెక్కల జ్ఞానం

ఒక ఊహాత్మక లెక్క వేసి చూద్దాం. ఒక మంత్రసాని ఏడాదికి 50 కాన్పుల చొప్పున 40 ఏళ్లు పనిచేసిందనుకుంటే ఆమె చేతిమీదుగా 2,000 మంది పుడతారు. సూదిమందు లేనప్పుడు తొలి వారపు రక్తస్రావం నూటికి 0.25 నుంచి 1.7 వరకు ఉండవచ్చని వైద్యగ్రంథాలు తరచుగా ఉదహరించే అంచనా. ఆ ప్రకారం ఆమె తన జీవితకాలంలో 5 నుంచి 34 మంది బిడ్డల్లో దీనిని చూసి ఉండవచ్చు. ఆలస్యంగా వచ్చే రక్తస్రావం ఐరోపా లెక్కల్లో లక్ష జననాలకు సుమారు 4 నుంచి 7. ఆ రేటున 2,000 కాన్పుల్లో అది 0.1 మాత్రమే. అంటే పదిమంది మంత్రసానుల జీవితకాల అనుభవాన్ని కలిపితే ఒక్క సందర్భం. థాయ్‌లాండ్‌లో నమోదైన రేటు ఐరోపాకన్నా అనేక రెట్లు ఎక్కువ. ఆ రేటు తీసుకున్నా, నలభై ఏళ్ల అనుభవం గల స్త్రీకి అది ఒకటి రెండు సార్లకు మించి ఎదురుకాదు. అదీ ఆమె కాపలా ముగిశాక.

కాబట్టి ‘నా చేతిమీద ఇన్ని వందల మంది పుట్టారు, ఏ సూదీ లేకుండానే పెరిగారు’ అని ఒక మంత్రసాని అంటే ఆ మాట అబద్ధం కాదు. ఆమె అనుభవం మేరకు అది నిజం. ఆ ప్రమాదం ఉనికిని తెలుసుకోవాలంటే లక్షల జననాలను ఒకచోట నమోదు చేసి, మూడు నెలల పాటు ఆ బిడ్డలను గమనించి, లెక్క తీయగల వ్యవస్థ కావాలి. ఇది ఏ ఒక్క వ్యక్తి అనుభవానికీ అందని జ్ఞానం. ఈ విషయంలో ఒక పల్లె మంత్రసానికీ, పట్టణంలో సొంత ఆసుపత్రి నడిపే వైద్యురాలికీ పెద్ద తేడా లేదు. ఇద్దరూ ఈ ప్రమాదాన్ని తమ కళ్లతో చూసి కాక, ఇతరుల లెక్కలను నమ్మి మాత్రమే ఒప్పుకోగలరు. తేడా అల్లా ఆ లెక్కలు ఒకరికి భాషలో అందాయి, మరొకరికి అందలేదు.

5. సందేహానికీ ఒక చరిత్ర ఉంది

ఈ సూదిమందు చరిత్ర శాస్త్రం ఒక్క దెబ్బకు గెలిచిన కథ కాదు. 1894లో బోస్టన్ వైద్యుడు చార్లెస్ టౌన్‌సెండ్ 50 మంది శిశువుల వివరాలతో నవజాత శిశువుల రక్తస్రావ వ్యాధిని వర్ణించాడు. కారణం అప్పటికి తెలియదు. 1929లో కోపెన్‌హాగెన్‌లో హెన్రిక్ డామ్ కొవ్వు లేని మేత తిన్న కోడిపిల్లల్లో రక్తస్రావాన్ని గమనించాడు. లోపించిన పదార్థానికి 1935లో విటమిన్ కె అని పేరు పెట్టాడు. గడ్డకట్టడాన్ని సూచించే జర్మన్, డేనిష్ పదాల తొలి అక్షరం నుంచి ఆ పేరు వచ్చింది. డామ్‌కూ, దాని రసాయన స్వరూపాన్ని తేల్చిన అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ డాయిజీకీ కలిపి 1943 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది. 1944లో స్వీడన్ నుంచి 13,000 మంది శిశువులకు ముందుజాగ్రత్తగా ఈ విటమిన్ ఇచ్చిన అనుభవం ప్రచురితమైంది.

అయితే 1950ల్లో కృత్రిమంగా తయారైన, నీటిలో కరిగే రకాన్ని పెద్ద మోతాదుల్లో వాడినప్పుడు నెలలు నిండని బిడ్డల్లో ఎర్రరక్తకణాలు విచ్ఛిన్నమై, కామెర్లు ముదిరి, మెదడు దెబ్బతిన్న ఘటనలు జరిగాయి. ఆ తర్వాతే ప్రకృతిసహజమైన కె1 రూపం, తక్కువ మోతాదు స్థిరపడ్డాయి. 1961లో అమెరికా శిశువైద్యుల అకాడమీ ప్రతి శిశువుకూ దీనిని సిఫారసు చేసింది.

రెండో సందేహం బ్రిటన్‌లో పుట్టింది. జీన్ గోల్డింగ్ బృందం 1990లోనూ, 1992లోనూ ప్రచురించిన పరిశోధనలు ఈ సూదిమందుకూ బాల్యంలో వచ్చే కేన్సర్‌కూ సంబంధం ఉండవచ్చని సూచించాయి. దాంతో బ్రిటన్‌లో అనేక ఆసుపత్రులు నోటి చుక్కలకు మారాయి. తల్లిదండ్రులకు సమాధానం చెప్పవలసిన భారం ప్రసవ సమయంలో పక్కన ఉండే మిడ్‌వైఫ్‌లపై పడింది. 1993లో స్వీడన్‌లో పదమూడు లక్షలకు పైగా జననాలను పరిశీలించిన అధ్యయనంలో ఆ సంబంధం కనిపించలేదు. 2003లో వెలువడిన బ్రిటన్ బాల్య కేన్సర్ అధ్యయనం కూడా దానిని సమర్థించలేదు.

నోటి చుక్కల అనుభవం కూడా గమనార్హం. వాటిని పలుమార్లు ఇవ్వాలి, ఒక్కసారి మరిచినా రక్షణ తగ్గుతుంది. ఇంటి కాన్పులకూ మిడ్‌వైఫ్‌లకూ పేరుగాంచిన నెదర్లాండ్స్‌లో తల్లిదండ్రులు రోజూ 25 మైక్రోగ్రాముల చుక్కలు వేసే పద్ధతి ఉండేది. పిత్తనాళాలు మూసుకుపోయిన బిడ్డలకు అది చాలదని తేలడంతో 2011లో దానిని 150 మైక్రోగ్రాములకు పెంచారు. 2017లో ఆ దేశ ఆరోగ్యమండలి సూదిమందునే సిఫారసు చేసింది. మరోవైపు 2013లో అమెరికాలోని నాష్‌విల్‌లో కొద్ది నెలల్లో నలుగురు శిశువులు ఆలస్య రక్తస్రావంతో ఆసుపత్రి పాలయ్యారు. నలుగురి తల్లిదండ్రులూ సూదిమందును వద్దన్నవారే. రక్తకేన్సర్ వస్తుందన్న భయం, అవసరం లేదన్న నమ్మకం వారు చెప్పిన కారణాలు.

ఈ చరిత్ర నుంచి రెండు విషయాలు అవగతమవుతాయి. సందేహం చదువులేని మంత్రసాని సొత్తు కాదు. 1950ల నాటి సందేహానికి నిజమైన ఆధారం ఉంది, దానివల్లే మందు మెరుగైంది. 1990ల నాటి సందేహం పరీక్షకు నిలవలేదు, అయినా ఇరవై ఏళ్ల తర్వాత కూడా బతికే ఉంది. ఈ రెంటి మధ్య తేడాను తల్లికి విడమరిచి చెప్పగలగడం మిడ్‌వైఫ్ వృత్తిజ్ఞానంలో భాగం.

6. నర్సమ్మ సూది: ఆజ్ఞగా వచ్చిన వైద్యం

బ్రిటిష్ పాలిత ప్రాంతాల్లో 1885 నాటి డఫరిన్ నిధి, 1903లో లేడీ కర్జన్ చొరవతో ఏర్పడిన విక్టోరియా స్మారక ఉపకారవేతన నిధి దాయిల శిక్షణను చేపట్టాయి. మద్రాసు రాష్ట్రంలో 1926లో నర్సులు, మిడ్‌వైఫ్‌ల చట్టం వచ్చింది. నిజాం పాలనలోని వరంగల్ ప్రాంతం ఆ చట్టపరిధికి బయట ఉంది. అక్కడి పల్లెల్లో కాన్పు స్వాతంత్ర్యానంతరం చాలాకాలం వరకు ప్రధానంగా మంత్రసాని చేతిలోనే ఉంది. ప్రమాదకరమైన కాన్పులకు వరంగల్‌లోని చందా కాంతయ్య స్మారక ప్రసూతి ఆసుపత్రి వంటివి తర్వాతి తరాలకు దిక్కయ్యాయి.

1951లో దేశంలో మొదలైన ఏ.ఎన్.ఎం. శిక్షణ రెండేళ్లది. అందులో కాన్పు చేయడమే ప్రధానాంశం. 1973 నాటి కర్తార్ సింగ్ కమిటీ సిఫారసుల తర్వాత ఆమె బహుళవిధుల ఆరోగ్యకార్యకర్త అయింది. శిక్షణ 18 నెలలకు తగ్గింది, అందులో ప్రసూతి విద్య పలుచబడింది. కుటుంబ నియంత్రణ లక్ష్యాల భారం ఆమె భుజాలపై పడింది. ఆ లక్ష్యాల పద్ధతి 1996 వరకు సాగింది. పల్లెవాళ్ల నోట ‘నర్సమ్మ’ అన్న ఆప్యాయమైన పిలుపు ఉన్నప్పటికీ, ఆమె సూది ఎంతోకాలం ప్రభుత్వ ఆజ్ఞకు గుర్తుగా నిలిచింది. జ్వరానికి సూదిమందు వేయించుకోనిదే తృప్తిపడని పల్లె, అదే సూదిని ఇంటికొచ్చి ఊరికే వేస్తామంటే అనుమానించడంలో వింత లేదు. మొదటిది తాను కోరినది, రెండవది తనపైకి వచ్చినది.

1977 గ్రామీణ ఆరోగ్య పథకం కింద దాయిలకు స్వల్పకాలిక శిక్షణ విస్తరించింది. శుభ్రమైన చేతులు, స్థలం, బ్లేడు, దారం, బొడ్డు అన్న అయిదు శుభ్రతలు ఆ తరహా శిక్షణల సారం. అవన్నీ మంత్రసాని చేతికి అందిన పాఠాలే. ధనుర్వాతంతో పోయిన బిడ్డలను ఆమె కళ్లారా చూసింది కనుక ఆ పాఠానికి అనుభవం తోడుంది. రక్తస్రావ నివారణ అటువంటిది కాదు. అది సీసాలో, సిరంజిలో ఉంది. ఆ రెండూ ఆమె చేతికి ఎన్నడూ ఇవ్వలేదు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్, జననీ సురక్షా యోజన వచ్చాక దృష్టి మొత్తం ఆసుపత్రి కాన్పువైపు మళ్లింది. మంత్రసాని అభిప్రాయం అడగకుండానే ఆమె పాత్ర ముగిసింది.

7. వృత్తి మిడ్‌వైఫ్: రెండు ధర్మాల మధ్య

2014 సెప్టెంబరు మార్గదర్శకాల ప్రకారం ఆరోగ్యకేంద్రాల్లో పుట్టిన ప్రతి శిశువుకూ ఒక్క మోతాదు విటమిన్ కె ఇవ్వాలి. వెయ్యి గ్రాములు, అంతకుమించి బరువున్న బిడ్డకు 1 మిల్లీగ్రాము, అంతకు తక్కువ ఉంటే అర మిల్లీగ్రాము తొడ కండరంలో ఇస్తారు. ప్రసవాలు జరిగే ఉపకేంద్రాలకు కూడా ఇది వర్తిస్తుంది.

ఆ తర్వాత మూడేళ్లకే తెలంగాణలో మరో మార్పు వచ్చింది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్‌ల సహకారంతో కరీంనగర్‌లో 30 మంది నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించింది. 2018 డిసెంబరులో కేంద్రం దేశవ్యాప్త మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు ప్రకటించింది. ఈ అడుగుకు కారణం స్పష్టమే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం తెలంగాణలో ఆసుపత్రి కాన్పులు 2015–16లో 91.5 శాతం, 2019–20లో 97 శాతం. అదే సమయంలో సిజేరియన్లు దాదాపు 58 శాతం నుంచి 60.7 శాతానికి చేరాయి. దేశంలో ఇదే అత్యధికం. బిడ్డ ఆసుపత్రిలో పుట్టడం సాధ్యమైంది కానీ సహజంగా పుట్టడం అరుదైంది.

ఈ సందర్భంలో వచ్చిన వృత్తి మిడ్‌వైఫ్‌కు నేర్పిన మొదటి పాఠం అనవసర జోక్యాన్ని తగ్గించడం. కాన్పు రోగం కాదనీ, శరీరానికి తన పని తాను చేసుకోనివ్వాలనీ ఆమె నమ్ముతుంది. అదే మిడ్‌వైఫ్ పుట్టిన ప్రతి బిడ్డకూ సూది వేయాలి. పాశ్చాత్య దేశాల్లో సహజ కాన్పును కోరేవారిలో కొందరు ఈ సూదిమందును కూడా జోక్యంగానే భావించి తిరస్కరించారు. తెలంగాణ మిడ్‌వైఫ్‌కు ఆ తర్కాన్ని యథాతథంగా తీసుకునే అవసరం లేదు. సిజేరియన్ విషయంలో జోక్యం మితిమీరిందని చెప్పే లెక్కలే ఆమె వృత్తికి పునాది. విటమిన్ కె విషయంలో జోక్యం అవసరమని చెప్పేవీ లెక్కలే. ఒకచోట లెక్కలను నమ్మి మరోచోట నమ్మకపోవడం వృత్తికి తగదు.

ఈ రెండు ధర్మాలకూ పొత్తు కుదిర్చే సూత్రం ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసులోనే ఉంది. సూదిమందు ఇవ్వవలసింది మొదటి గంట గడిచాక. ఆ గంటలో బిడ్డ తల్లి ఒంటికి ఆనుకొని ఉండాలి, ముర్రుపాలు మొదలుకావాలి. అంటే తొలి గంట తల్లీబిడ్డలది. సూది ఆ తర్వాతే. క్రమం పాటిస్తే సహజత్వమూ రక్షణా ఒకదానికొకటి అడ్డురావు.

8. మూడు జిల్లాల్లో మిగిలిన ప్రశ్నలు

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ, 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ పథకం, 2022లో మహబూబాబాద్‌లోనూ 2023లో జనగామ, భూపాలపల్లిలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు ఆసుపత్రిని పల్లెకు దగ్గర చేశాయి. అయినా మూడు ప్రశ్నలు మిగిలే ఉన్నాయి.

మొదటిది చోటుకు సంబంధించినది. 2014 మార్గదర్శకాలు ఆరోగ్యకేంద్రాల్లో జరిగే కాన్పులను ఉద్దేశించినవి. ఇంట్లోనో, దారిలోనో పుట్టిన బిడ్డ దవాఖానకు చేరితేనే ఈ రక్షణ అందుతుంది. మహబూబాబాద్ జిల్లాలోని కొత్తగూడ, గంగారం, భూపాలపల్లి జిల్లాలోని మహాదేవపూర్, పలిమెల వంటి అడవి మండలాల్లో వానకాలం వాగులు పొంగితే ఈ దూరం పెరుగుతుంది. సూది అత్యవసరమైన బిడ్డలు, సూది అందని బిడ్డలు ఒక్కరే కావడం ఇక్కడి చిక్కు.

రెండవది భాషకు సంబంధించినది. తండాల్లో గోర్‌బోలి, గూడేల్లో కోయభాష మాట్లాడే తల్లులున్నారు. తెలుగు తల్లికి కూడా ‘విటమిన్ కె’ అన్న మాట ఏమీ చెప్పదు. విటమిన్ అంటే బలానికిచ్చే మాత్ర అన్న అర్థం జనంలో ఉంది. బిడ్డ బలంగానే ఉన్నప్పుడు బలం మందు ఎందుకన్న ప్రశ్న సహజం. ‘రక్తం గడ్డకట్టే సూది’ అని చెబితే ప్రయోజనం పేరులోనే తెలుస్తుంది. వైద్యపదాలకు తెలుగు సమానార్థకాలను వెదికే పని నిఘంటుకారులది మాత్రమే కాదు. అది పురిటి మంచం పక్కనే జరగాలి.

మూడవది కాలానికి సంబంధించినది. తొలి కాన్పుకు ఆడపిల్ల తల్లిగారింటికి వస్తుంది. నెలల తర్వాత బిడ్డతో అత్తగారింటికి వెళుతుంది. సూది వేసిన వివరం తల్లీబిడ్డల కార్డులో ఉంటే, కార్డు బిడ్డతో వెళితే సరే. లేకపోతే అయిదో వారంలో బొడ్డు దగ్గరో ముక్కులోనో కొద్దిగా రక్తం కనిపించినప్పుడు, కామెర్లు తగ్గనప్పుడు, దాని అర్థం ఎవరికీ తెలియదు. పెద్ద రక్తస్రావానికి ముందు ఇటువంటి చిన్న హెచ్చరికలు కొందరు బిడ్డల్లో కనిపిస్తాయి. 2011 నుంచి అమల్లో ఉన్న గృహ ఆధారిత నవజాత శిశు సంరక్షణలో ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వస్తుంది. మంత్రసాని కాపలా ఇరవైయొకటో రోజుతో ముగిసేది. 28, 42 రోజుల రాకలు ఆ పాత కాపలా దాటిన ప్రమాదకాలంలోనే పడుతున్నాయి. ఆ రెండు రాకల్లో ‘ఎక్కడైనా రక్తం కనిపించిందా? పుట్టినప్పుడు సూది వేశారా?’ అన్న రెండు ప్రశ్నలు అడిగితే పాత కాపలాను కొత్త జ్ఞానంతో పొడిగించినట్టవుతుంది.

9. ముగింపు

మంత్రసాని, ఏ.ఎన్.ఎం., వృత్తి మిడ్‌వైఫ్ అన్న మూడు పాత్రలు ఒకే పనికి మూడు కాలాలు ఇచ్చిన రూపాలు. సూదిమందు పట్ల వారి దృష్టి వారివారి స్థానాల నుంచి రూపొందింది. మంత్రసాని తన చేతికి అందనిదాన్ని నమ్మలేకపోయింది. ఏ.ఎన్.ఎం. ఆజ్ఞను అమలుచేసింది కానీ వివరించే తీరిక ఆమెకు దక్కలేదు. వృత్తి మిడ్‌వైఫ్‌కు వివరించే శిక్షణ ఉంది, తల్లి పక్కన కూర్చునే సమయం ఉంది.

నవజాత శిశువుకు విటమిన్ కె ఇవ్వాలన్న విషయంలో నేటి శాస్త్రాధారాలు స్పష్టంగా ఉన్నాయి. ఇవ్వాలా వద్దా అన్నది ఇక చర్చ కాదు. ఎలా చెప్పి ఇవ్వాలన్నదే చర్చ. తరతరాలుగా తన శ్రమను అడగకుండా తీసుకున్న సమాజంలో, తన బిడ్డ ఒంటిమీద సూది పడేముందు ఒక మాట అడగమని కోరే హక్కు తల్లికి ఉంది. ఆ మాటను ఆమె భాషలో చెప్పగలిగినవారే మంత్రసానికి నిజమైన వారసులు. వచ్చినదాన్ని పట్టడం ఆమె ధర్మం. రాబోయేదాన్ని తల్లికి చెప్పి ఆపడం ఈ వారసుల ధర్మం.